నోటిఫికేషన్ రాని ఉద్యోగము

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో మెట్లు దిగి చైతన్యపురి దిక్కుగా నాలుగడుగులు వేసినవానికి ముందుగా కంటబడునవి దుకాణములు కావు, బోర్డులు. గ్రూప్స్, ఎస్సై, కానిస్టేబుల్, బ్యాంకు, డీఎస్సీ, ఒక్కొక్క అంతస్తులో ఒక్కొక్క పరీక్ష కాపురమున్నట్లుండును. ఇచ్చట చిరునామా చెప్పువారు వీధిపేరు చెప్పరు, పిల్లర్ నంబరు చెప్పుదురు. నల్లగొండనుండియు, సూర్యాపేటనుండియు, ఖమ్మమునుండియు విజయవాడ రహదారిమీదుగా వచ్చి ఎల్బీనగర్‌లో సంచులతో దిగిన పిల్లలు, గదికి ముగ్గురు నలుగురు చొప్పున సర్దుకొని, పాత ప్రశ్నపత్రములను పదేపదే తిరుగవేయుచు, మృగశిర కార్తె కొరకు ఆకాశమువంక చూచు రైతువలె నోటిఫికేషన్ కొరకు ఎదురుచూచుచుందురు. వారి శ్రమను నేను తక్కువ చేయబోను. వేకువజామున నాలుగింటికి లేచి పుస్తకము ముందు కూర్చుండు అలవాటు ఏ విద్యకైనను మూలధనమే. కాని ఆ గాలిలో పెరిగిన మనస్సునకు తెలియకయే ఒక నమ్మకము పట్టుబడును: ఉద్యోగమనగా ముందొక ప్రకటన, దానికొక దరఖాస్తు, పిదప హాల్ టికెట్టు, ర్యాంకు, జాబితా, ఈ వరుసలో రానిది ఉద్యోగమే కాదని.

ఆ వీధులలోనే ఇంటర్మీడియట్ చదివి, పిమ్మట ఎచ్చటనో నాడీశాస్త్రములోనో కంప్యుటేషనల్ బయాలజీలోనో పిహెచ్.డి. ముగింపునకు వచ్చిన వ్యక్తి, ఆ నమ్మకమును మూటగట్టుకొనియే పోస్ట్‌డాక్ స్థానము వెదకనారంభించినప్పుడు కలుగు తికమక ఈ అధ్యాయమునకు విషయము.

పోస్ట్‌డాక్ అనగానేమో ఇంటివారికి చెప్పుట ఆ తికమకలో మొదటి మెట్టు. పండుగకు వచ్చిన మేనత్త, "డాక్టరు చదువు అయిపోయిందంటివి గదా బిడ్డా, మళ్ల గిదేం చదువు? ఇంకెన్నేండ్లు?" అని అడుగును. ఆ ప్రశ్నలో వెటకారము లేదు, న్యాయమున్నది. పోస్ట్‌డాక్ చదువును కాదు, స్థిరమైన కొలువును కాదు. గురువు నీడనుండి బయటికి వచ్చినవారు, తమ సొంత ప్రయోగశాల పెట్టుకొనుటకు ముందు, మరొకరి శాలలో జీతము పుచ్చుకొనుచు తమ పేరుతో ఒక పనిని నిలబెట్టుకొను రెండు మూడేండ్ల, ఒక్కొక్కప్పుడు అయిదేండ్ల కాలము. జీతమెంతయని అత్త అడుగక మానదు. కేంద్రప్రభుత్వపు శాస్త్రశాఖలు 2023లో సవరించిన లెక్క చొప్పున మనదేశములో రీసెర్చ్ అసోసియేటుకు అనుభవమునుబట్టి నెలకు 58,000, 61,000, 67,000 రూపాయలు, ఆపై ఇంటి అద్దె భత్యము; అమెరికాలో జాతీయ ఆరోగ్య పరిశోధనసంస్థయగు ఎన్.ఐ.హెచ్. తన శిక్షణ వేతనములకు 2024లో నిర్ణయించిన తొలి సంవత్సరపు మొత్తము ఏడాదికి 61,008 డాలర్లు, పెక్కు విశ్వవిద్యాలయములు దానినే కొలబద్దగా పెట్టుకొనును. ఈ అంకెలు విని ఆమె సగము సమాధానపడును. తక్కిన సగము పెండ్లిసంగతి. అది ఈ పుస్తకపు పరిధిలోనిది కాదు.

సర్కారు కొలువు ముందు ఖాళీగా పుట్టి తరువాత మనిషిని వెదకికొనును; పోస్ట్‌డాక్ స్థానము తరచుగా మనిషి కనబడిన తరువాతనే పుట్టును. ప్రకటనలు లేవని నా యభిప్రాయము కాదు, ఉన్నవి, చూడవలసినదే. కాని ఒక ప్రయోగశాలాధిపతి స్థితిని ఊహింపుడు. క్రొత్తగా గ్రాంటు వచ్చినది; ఎలుక మెదడులోనికి సన్నని ఎలక్ట్రోడులు దింపి వేలకొలది నాడీకణముల స్పందనలను ఆరునెలలు నమోదుచేసిన విద్యార్థిని యున్నది; ఆ అంకెల కొండను త్రవ్వి అర్థము తీయువారు లేరు. ఎవరినైన చేర్చుకొనవలెనని ఆయన ప్రతి సోమవారమును అనుకొనును, ప్రతి శుక్రవారమును తరగతులవలనను ప్రయాణములవలనను మరచును. అట్టి వారమున, తనకు కావలసిన పని తెలిసినవారి లేఖ యొకటి వచ్చి యెదుట నిలిచినచో, ఆ ప్రకటన ఇక వెలువడదు. అది వెలువడలేదని దిల్‌సుఖ్‌నగర్ గదిలో ఎదురుచూచుచున్నవారికి ఎన్నటికిని తెలియదు.

ఇట్టి కొండలు నాడీశాస్త్రమున ఎట్లు పెరిగినవో చూడుడు. సి. ఎలిగాన్స్ అను మిల్లీమీటరు పొడవు పురుగునకు నాడీకణములు 302 మాత్రమే. వాని సంబంధములను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రములనుండి చేతితో గుర్తించి 1986లో ప్రకటించుటకు కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులకు పదేండ్లకు పైబడి పట్టినది. 2024లో ఫ్లైవైర్ అను బృందము పండ్ల ఈగ మెదడు మొత్తమును, 1,39,255 నాడీకణములతోను, సుమారు అయిదుకోట్ల సినాప్స్ సంధులతోను పటముగా ప్రకటించినది. యంత్రము గీచిన గీతలను వందలమంది మనుష్యులు కూర్చుండి దిద్దిరి. పటము చేతికి వచ్చినది. దానిని చదువువారు కావలెను. అందుచేత భౌతికశాస్త్రము చదివినవారికిని, కంప్యూటర్ ఇంజనీరింగు చదివినవారికిని ఈ వాకిలి తెరచియున్నది. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు నాడీతంతువులోని విద్యుత్ప్రవాహమునకు సమీకరణములు వ్రాసిననాటనుండియు తెరచియే యున్నది.

చేత పనిముట్టున్నవారికి చోటు దొరకునను మాటకు మన తెలుగునేలనుండియే సాక్ష్యము చెప్పవచ్చును. 1895లో భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేసి పొట్టపోసికొన్న కథను మనవారు కన్నీళ్లతో చెప్పుకొందురు. ఆ కన్నీళ్లలో అసలు సంగతి మరుగుపడును. శాస్త్రలోకమున ఆయనను నిలబెట్టినది దారిద్ర్యము కాదు, భాస్వరమును రంగు చిక్కదనమునుబట్టి కొలుచు పద్ధతి. హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కూడి ఆయన 1925లో ప్రకటించిన ఆ పద్ధతి, ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యను పేర దేశదేశముల ప్రయోగశాలలలోనికి ప్రవేశించినది. ఆయన కాలుపెట్టని చోట్ల గూడ ఆయన పేరు ముందుగా పోయి కూర్చున్నది. కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్, పిదప ఎ.టి.పి. బయటపడినవి ఆ కొలతచేతనే. అంతటివానికిని హార్వర్డులో స్థిరమైన ఆచార్యపదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ఔషధసంస్థ పరిశోధనశాలకు వెడలిపోయెను. ఈ రెండవ సంగతిని మరుగుపరచి మొదటిదానిని మాత్రమే చెప్పు పుస్తకములను నేను నమ్మను. పద్ధతి వాకిలి తెరచును. లోపల పీట వేయునన్న పూచీ లేదు.

మీ భాస్వరపు పద్ధతి యేది? కంప్యుటేషనల్ బయాలజీవారికి ఈ ప్రశ్న కొంత సుకరము, ఏలయన వారి పనిముట్టు గాజుకుప్పెలో లేదు, ల్యాప్‌టాపులో నున్నది. మీరు వ్రాసిన ప్రోగ్రాము చిన్నదైనను సరే, మరొకరు దింపుకొని నడిపినప్పుడు నడువవలెను; ఎట్లు నడుపవలెనో తెలుపు వివరణ దానితో నుండవలెను; గిట్‌హబ్‌వంటి చోట అందరికిని కనబడవలెను. "నాకు మెషిన్ లెర్నింగ్ వచ్చును" అను వాక్యమునకును "నాకు వంట వచ్చును" అను వాక్యమునకును భేదము లేదు. గుత్తివంకాయ వండి వడ్డించినప్పుడే వచ్చునో రాదో తేలును. వడ్డించుటకు సరుకులు లేవనరాదు. సియాటిల్‌లోని అలెన్ సంస్థ ఎలుక మెదడునుండి సేకరించిన నమోదులను ఎల్లరకును ఉచితముగా తెరచియుంచినది. మనుష్యుల మెదడు చిత్రములకు ఓపెన్‌న్యూరో కలదు. సరూర్‌నగర్ చెరువు ప్రక్క అద్దెగదిలో కూర్చుండి, ఒక్క ఎలుకనైనను ముట్టకుండ, వానిమీద నిజమైన ప్రశ్న యొకటి వేసి, వచ్చిన ఫలితమును బయోఆర్కైవ్‌లో ప్రీప్రింటుగా పెట్టవచ్చును. పత్రికలో అచ్చగువరకు ఆగినచో థీసిస్ ముగిసిన తరువాత గూడ చేత కాగితము లేని కాలమొకటి గడచును. పలువురు ఆ కాలములోనే ధైర్యము కోల్పోవుదురు.

ఇక ఎవరికి వ్రాయవలెనను ప్రశ్న. మీరు మూడుసార్లు చదివిన వ్యాసములేవో వాని చివరి రచయితలతో మొదలుపెట్టుడు. అచ్చటనుండి ధనము జాడ పట్టుడు. ఎన్.ఐ.హెచ్. ఇచ్చిన గ్రాంటు ఎవరికి, ఏ విషయమునకు, ఏ సంవత్సరమువరకు అన్నది రిపోర్టర్ అను బహిరంగ పట్టికలో నుండును. ఐరోపా సమాఖ్య సొమ్మునకు కోర్డిస్ అట్టిదే. క్రిందటి సంవత్సరము అయిదేండ్ల గ్రాంటు మంజూరైనవాని యొద్ద చోటు ఉండుటకు ఆస్కారమెక్కువ. వచ్చే సంవత్సరము ముగియనున్నవాని యొద్ద, ఆయన ఎంతటివాడైనను, తక్కువ. ఈ పని చేయువారు మనలో అరుదు. మనవారు ర్యాంకు చూచు కండ్లతో విశ్వవిద్యాలయముల పేర్లు చూచి, ముప్పదిమందితో కిటకిటలాడు మహామహుని శాలకే యెగబడుదురు. మూడు నాలుగేండ్ల క్రితము శాల తెరచిన యువాచార్యుడు మీతో ప్రతిదినము మాటలాడును, ఆయన పేరు నిలుచుట మీ పనిమీద గూడ ఆధారపడియుండును. మహామహుని శాలలో ఆయన కొరకు కాచుకొనియుండుటయే పనిలో సగమగును. ఆయన సిఫారసు లేఖకు మాత్రము ఎక్కువ బరువుండును. రెండింటిలో ఏది మీ స్వభావమునకు ఒదుగునో మీరే యెరుగుదురు.

ఒక్క జాగ్రత్త మాత్రము విడువరాదు. ఆ శాలనుండి వెడలిపోయినవారిని ఇద్దరినైనను విచారింపుడు. ఉన్నవారు మర్యాద చెప్పుదురు, వెళ్లినవారు సంగతి చెప్పుదురు.

లేఖను గూర్చి కొంత విస్తరించి చెప్పెదను, ఏలయన మనవారు పోగొట్టుకొనుచున్నదంతయు ఇచ్చటనే. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలై, "ఐ యామ్ హైలీ మోటివేటెడ్" అని సాగి, రెండు పుటల ఆత్మస్తుతితో ముగియు లేఖ ఒకటి మన హాస్టళ్లలో చేతులు మారుచుండును. సంబోధనలోని ఆచార్యుని పేరు ఒక అక్షరాకృతిలోను, తక్కిన లేఖ మరొక అక్షరాకృతిలోను ఉండుట దాని ఆనవాలు. ఒక్కొక్కప్పుడు పైన ఒకరి పేరు, లోపల మరొకరి పేరు. రెండువందల లేఖలు పంపితిని, ఒక్క జవాబును రాలేదు అని వగచువారిని నేనెరుగుదును. అవి రెండువందల లేఖలు కావు. ఒక్క కరపత్రమునకు రెండువందల ప్రతులు. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో చేత పెట్టిన కోచింగ్ కరపత్రమును మీరేమి చేయుదురో వారును దానినే చేసిరి.

జవాబు తెచ్చు లేఖ పొట్టిది. ఇంగ్లీషులో వ్రాయవలసినదే యైనను, ఊహించిన మచ్చును తెలుగున చెప్పెదను. "నిరుడు మీరు ప్రకటించిన వ్యాసములో, ఎలుక క్రొత్త దారి నేర్చునప్పుడు హిప్పోకాంపస్ కణములు ప్రతిస్పందించు వరుస మారుచున్నదని చూపితిరి. మూడవ చిత్రములో రెండు ఎలుకలు మాత్రము తక్కినవానివలె లేవు. నా పిహెచ్.డి.లో తయారుచేసిన పద్ధతిని మీరు బహిరంగముగా నుంచిన దత్తాంశముమీద నడిపి చూచితిని. ఆ రెండింటిలో వరుస మారలేదనియు, వేగము మాత్రమే మారినదనియు తోచుచున్నది. ఒక పుట చిత్రమును, ప్రోగ్రామును జతపరచితిని. నా థీసిస్‌ను ఫిబ్రవరిలో సమర్పింతును. మీ శాలలో చోటు కలదా? లేనిచో నేను ఫెలోషిప్పునకు దరఖాస్తు చేసినప్పుడు ఆతిథ్యమిచ్చుటకు సమ్మతింతురా?" ఇంతే. ఇందులో మీ వినయమును వర్ణించు వాక్యము లేదు, మీ బాల్యమునుండి సైన్సుమీద గల మక్కువ లేదు. ఇట్టి లేఖ ఒక్కదానికి వారము పట్టును. కనుక థీసిస్ పని నడుమ సంవత్సరములో పదిహేనింటికి మించి వ్రాయలేరు, వ్రాయనక్కరలేదు.

రెండు వారములకు జవాబు రానిచో ఒక్కసారి, ఒక్క వాక్యముతో జ్ఞాపకము చేయుడు. పిదపను మౌనమే యైనచో ముందునకు సాగుడు. మౌనమును అవమానముగా తీసికొనుట మన అలవాటు. అచ్చటివారికి అది తీరికలేమి మాత్రమే. ఈ వ్యవహారమంతయు థీసిస్ సమర్పణకు కనీసము పది పండ్రెండు నెలల ముందు మొదలుకావలెను. సిఫారసు వ్రాయదగిన ముగ్గురు పెద్దలతో ముందుగనే మాటలాడి, వారికి మీ పనిని ఒక పుటలో వ్రాసియిచ్చుట మేలు. మీ గైడు స్వయముగా అన్నియు జ్ఞాపకముంచుకొనునని నమ్ముట అమాయకత్వము.

లేఖలో ఫెలోషిప్పు మాట తెచ్చితిని. బియ్యము వెంట తెచ్చుకొను చుట్టమును వద్దనువారుండరు. ఐరోపాలో మేరీ క్యూరీ ఫెలోషిప్పులకు ఏటేట సెప్టెంబరు గడువు. గడచిన 36 నెలలలో 12 నెలలకు మించి ఏ దేశములో నివసించితిరో ఆ దేశమునకు దానిపై పోరాదు, కనుక హైదరాబాదులో చదివినవారికి ఈ నియమము అనుకూలమే. స్ట్రాస్‌బర్గ్‌లోని హ్యూమన్ ఫ్రాంటియర్ సైన్స్ సంస్థవారు దేశమును, పరిశోధన మార్గమును రెండింటిని మార్చుకొనువారినే కోరుదురు. భౌతిక, గణిత శాస్త్రములనుండి జీవశాస్త్రమునకు వచ్చువారికి వేరొక తరగతియే కలదు. అమెరికాలో ఎఫ్32 అను వేతనము పౌరులకును, స్థిరనివాసులకును మాత్రమే. కాని పోస్ట్‌డాక్ కాలములోనే ఆచార్యపదవికి వంతెనవంటి కె99 విదేశీయులకును అందును. పోయినవెంటనే దానిని గూర్చి ఆలోచింపవలెను, నాలుగేండ్లలోపల వేయవలసిన దరఖాస్తు అది. మనదేశములో నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ రెండేండ్లకు ఇత్తురు, వయస్సు మామూలుగా 35 దాటరాదు. బయోటెక్నాలజీ శాఖవారి రీసెర్చ్ అసోసియేట్‌షిప్పు మరొకటి. బయోటెక్నాలజీ శాఖయు వెల్‌కమ్ ట్రస్టును కూడి నెలకొల్పిన ఇండియా అలయన్స్ కార్యాలయము మన హైదరాబాదులోనే యున్నదను సంగతి హైదరాబాదువారికే ఎక్కువమందికి తెలియదు.

దూరము మాటయే వచ్చినది గనుక దగ్గర మాటయు చెప్పవలెను. ఎల్బీనగర్‌నుండి లోపలి రింగు రోడ్డు పట్టి, నాగోలు దాటి పోయినచో ఉప్పల్‌లో డి.ఎన్.ఏ. పరిశోధనకేంద్రమగు సి.డి.ఎఫ్.డి., అటుపై హబ్సిగూడలో, పుష్పమిత్ర భార్గవ మూలస్తంభముగా 1977లో వెలసిన జీవశాస్త్ర పరిశోధనశాల సి.సి.ఎం.బి. వచ్చును. మెట్రో ఎర్రగీత ఎల్బీనగర్‌లోను, నీలిగీత నాగోలులోను ఆగిపోవుటచే, ఇరవై అయిదు కిలోమీటర్లకు పైబడిన గచ్చిబౌలి వైపునకు రైలుమీద చాలదూరము హాయిగా పోవచ్చునుగాని, ప్రక్కనున్న ఉప్పల్‌కు బస్సో ఆటోయో ఎక్కవలసినదే. బహుశః అందుచేతనేమో మన పిల్లలకు బోస్టన్ తెలిసినంత ఉప్పల్ తెలియదు. గచ్చిబౌలి వైపున హైదరాబాదు విశ్వవిద్యాలయములో నాడీశాస్త్ర, సంజ్ఞానశాస్త్రములకు ప్రత్యేక కేంద్రము కలదు. ట్రిపుల్ ఐటీవారు వందమంది భారతీయుల మెదడు చిత్రములనుండి 2019లో భారతీయ మెదడు పటము నొకదానిని రూపొందించి, పాశ్చాత్యుల కొలతలతో మన రోగులను కొలుచుటలోని పొరపాటును చూపిరి. మద్రాసు ఐఐటీలో 2022లో ఆరంభమైన బ్రెయిన్ సెంటరు, గర్భస్థ శిశువుల మెదళ్లను 5,132 పొరలుగా చిత్రించి ధరణి యను పేరుతో 2024 డిసెంబరులో విడుదలచేసినది. అట్టి పటములు చదువుటకు కంప్యుటేషనల్ బయాలజీ తెలిసినవారు కావలెనని వేరుగ చెప్పవలెనా? బెంగుళూరులోని జీవశాస్త్ర కేంద్రము ఎన్.సి.బి.ఎస్.లో క్యాంప్ అను పేర గణన నాడీశాస్త్ర శిక్షణ శిబిరము నడచుచున్నది. అచ్చట కలిసి భోజనము చేసిన యిద్దరు, పంపిన ఇరువది లేఖలకంటె ఎక్కువ పని చేసిపెట్టవచ్చును.

జవాబు వచ్చి వీడియోలో మాటలాడుదమన్నారనుకొందము. బోస్టన్‌లో ఉదయము పది అనగా వేసవిలో మనకు రాత్రి ఏడున్నర, చలికాలమున ఎనిమిదిన్నర. మార్చిలోను నవంబరులోను వారు గడియారమును గంట ముందునకో వెనుకకో జరుపుకొందురు. ఆ గంట తేడాతో ఇంటర్వ్యూ తప్పిపోయినవారు కలరు. రాత్రి ఏడున్నరకు దిల్‌సుఖ్‌నగర్ రహదారి ఎట్లుండునో వర్ణింపనక్కరలేదు. హాస్టల్ గదిలో ముగ్గురు మిత్రులను వీధిలోనికి పంపి మాటలాడుటకంటె, వనస్థలిపురమునో నాగోలునో లోపలి వీధిలో, ఇన్వర్టరు ఉన్న బంధువుల యింట ఒక గది అడుగుట మేలు. ఉపన్యాసములో థీసిస్ అయిదు అధ్యాయములను అప్పజెప్పకుడు. ఒక్క ప్రశ్నను ఎత్తుకొని, అందులో మీరు పొరబడిన చోటును, ఆ పొరపాటును కనుగొన్న విధమును దాపరికము లేక చూపుడు. వారు చూచునది అదియే.

చోటు ఖాయమైన మీదట అడుగవలసినవి సిగ్గుపడక అడుగుడు: జీతము ఎన్నేండ్లకు నిశ్చయము, ఏ గ్రాంటునుండి, వెళ్లునప్పుడు ఏ ప్రశ్నను మీతో తీసికొనిపోనిత్తురు, ఏ వీసా. జె-1 మీద పోవువారిని రెండేండ్లు స్వదేశమున ఉండవలెనను నియమము చిరకాలము భయపెట్టినది. ఆ నియమమునకు ఆధారమైన నైపుణ్యముల జాబితానుండి భారతదేశమును 2024 డిసెంబరులో తొలగించిరి, అయినను ప్రభుత్వధనముతో పోయినవారికి అది యింకను వర్తించును. కనుక చేతికి వచ్చిన డి.ఎస్.-2019 కాగితములో ధనము ఎవరిదని వ్రాసిరో చదివిన తరువాతనే సంతకము చేయుడు.

సంతకము చేసిన సాయంకాలము మేనత్తకు ఫోను చేయుడు. "ఆ ఊర్ల మనోళ్లెవరన్న ఉన్నరా బిడ్డా? అన్నం దొరుకుతదా?" అని అడుగును. ఆ రెండింటికిని జవాబు ముందుగనే కనుగొని యుంచుకొనుడు.